లోపలి కేసెట్టు

ఆ రోజుల్లో చోడవరంలో పాట వినాలంటే సొంత చెవులు రెండూ చాలేవి కావు. సుల్తాన్ చెవి కూడా కావాలి. టేప్‌రికార్డరు కొన్నా, స్పీకరు మార్చినా, కొత్తగా ఊళ్లోకి దిగిన వాక్‌మన్‌కి హెడ్‌ఫోను కావాలన్నా ముందు మెయిన్‌రోడ్డు మీద ఆయన కొట్టుకి వెళ్లి అడగాల్సిందే. దేవరాపల్లి నుంచీ, చీడికాడ నుంచీ బస్సెక్కి మరీ వచ్చేవారు. ఆయన బాగుందంటే బాగున్నట్టే. బాగాలేదన్నాడా, అప్పటిదాకా ఇంట్లో శుభ్రంగా పాడుతున్న సెట్టు కూడా ఆ సాయంత్రం నుంచి జలుబు చేసినట్టు వినిపించేది పాపం దాని యజమానికి.

పేరు ఊరికే రాలేదు. కొట్టు పెట్టకముందు పదిహేనేళ్లు ఆయన చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ పెళ్లిళ్లకీ పండగలకీ మైకు సెట్లు కట్టాడు. గొట్టం స్పీకరు పక్కనే స్టూలేసుకుని కూర్చుని, ఎక్కడ కొంచెం బొంగురు పలికినా ఇట్టే పట్టేసేవాడు. పేరుతో పాటు కాస్త పొగరూ వచ్చింది. కొనేవాళ్లని విననిచ్చేవాడే కాదు.

"నీకేటి తెలుస్తాది? నువ్వు పాట వింటావు. నేను సెట్టు వింటాను" అనేవాడు.

అని, సొరుగులోంచి చీటీ అయినా అంటించని పాత కేసెట్టు ఒకటి తీసి, వాక్‌మన్‌లో పెట్టి, కళ్లు మూసుకుని రెండు నిమిషాలు వినేవాడు. తరవాత తీర్పు. అందులో ఏముందో ఎవరికీ తెలియదు. ఊళ్లో దానికి లోపలి కేసెట్టని పేరు. జపాన్ కంపెనీ వాళ్లు ప్రత్యేకంగా పంపించారని కొందరు అనుకునేవారు. సుల్తాన్ ఔననలేదు, కాదనీ అనలేదు.

తొంభయ్యారు వేసవిలో ఆయన విశాఖపట్నం నుంచి రెండు రకాల హెడ్‌ఫోన్లు తెచ్చాడు. ఒకటి వెండిరంగు పట్టీది, రెండోది నల్లపట్టీది. రెండూ విన్నాడు.

"నల్లది దుప్పటి ముసుగెట్టుకుని పాడతన్నట్టున్నాది. వెండిదే అసలు సరుకు" అని తేల్చేశాడు.

ఇంకేం, వెండిపట్టీవి చకచకా అమ్ముడుపోయాయి. నల్లపట్టీవి అద్దాల బీరువాలో దుమ్ము పట్టిపోయాయి.

అదే సంవత్సరం ఇంట్లో ఆయనకి గాజులతో పేచీ వచ్చింది. రంజాన్‌కి భార్య షాజాదీ బేగం కోసం అనకాపల్లి నుంచి రెండు డజన్ల గాజు గాజులు తెచ్చాడు. ఆవిడ మురిపెంగా వేసుకుంది. ఆయనకి మాత్రం నచ్చలేదు.

"ఏటీ గాజులు? ఒక్క మోతా లేదు. మన పెళ్లప్పుడు గాజులంటే పక్కవీధికి వినపడేవి."

"మోగుతన్నాయి కదండీ" అంది షాజాదీ.

"ఇదా మోగడం!" అని మర్నాడే బస్సెక్కి వెళ్లి గాజుల కొట్టాయన మీద పడ్డాడు. ఆ పెద్దమనిషి ఒక డజను చేత్తో పట్టుకుని గలగలలాడించాడు. దారిన పోయేవాళ్లు ఇద్దరు ఆగి చూశారు. "అదే అంటన్నాను, మూగ గాజులు" అన్నాడు సుల్తాన్. కొట్టాయన ఆయన వంక ఒక రకంగా చూశాడు. బేరం తెలియని మనిషని సుల్తాన్ నవ్వుకుంటూ ఇంటికొచ్చేశాడు.

జూన్‌లో ఒక మధ్యాహ్నం ఝాన్సీ వెండిపట్టీ హెడ్‌ఫోను పట్టుకుని కొట్టుకొచ్చింది. ఎదురు మేడ మీద టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపే అమ్మాయి. సుల్తాన్‌కి ఆ పిల్లంటే కూతురంత ఇది.

"బాబాయ్, ఇది మార్చీ. చెవుల్లో సూదులు గుచ్చతన్నట్టున్నాది. పాటలో 'స' వచ్చిందంటే కళ్లు మూసుకుపోతన్నాయి."

"టైపు మెషీన్ల మోత వినీ వినీ నీ చెవులు పాడైపోనాయే గుంటా!"

"నాయి పాడైపోనాయే అనుకో. మంగాయమ్మ మేడమ్‌వో? శివాజీ మేష్టారివో? ఇది కొన్నోళ్లందరికీ ఇలాగే ఉన్నాదట. సుల్తాన్ సెప్పేడు కదా, తప్పు మన చెవుల్దేనని నోరు మూసుకుని ఊరుకున్నారు. ఆ మేష్టారైతే చెవుల డాక్టరు దగ్గరికి కూడా వెళ్లొచ్చేడు."

సుల్తాన్‌కి పౌరుషం వచ్చింది. సొరుగు తెరిచి లోపలి కేసెట్టు వాక్‌మన్‌లో పెట్టి, ఆమె తెచ్చిన హెడ్‌ఫోనే తగిలించుకుని కళ్లు మూసుకున్నాడు. "ఇదిగో, గంటలా ఉన్నాది!" అన్నాడు.

"అయితే నాకూ పెట్టు. రెంట్లోనూ వింటాను."

"అది కస్టమర్లకి కాదు."

ఇంతలో షాజాదీ బేగం భోజనం కేరేజీతో వచ్చింది. సంగతి విని, "విననీండి, ఏటవుతాది? పదిహేడేళ్లయినాది, అందులో ఏటున్నాదో నాకే తెల్దు" అంది.

"నీకు అసలే కాదు" అన్నాడు సుల్తాన్. అంత పెద్దమనిషీ చెవుల దాకా ఎర్రబడిపోయాడు. అది చూశాక ఝాన్సీ ఆగుతుందా? కేరేజీ అందుకోడానికి ఆయన వంగిన క్షణంలో హెడ్‌ఫోను లాగి షాజాదీ తలకి తగిలించి, మీట నొక్కేసింది.

షాజాదీ ముందు నవ్వుతూనే నిలబడింది. బిందెలోంచి నీళ్లు వంపిన చప్పుడు. కిరసనాయిలు స్టవ్వు బుస్సుమనడం. గలగలా గాజులు. ఆ తరవాత ఎవరో పడుచుపిల్ల గొంతు, ముద్దుగా విసుక్కుంటూ: "చాయ్ చల్లారిపోతన్నాది. ఆ డబ్బా వదిలేసి రండి."

"ఇది నేను" అంది షాజాదీ.

"మన పెళ్లయిన రెండో నెల" అన్నాడు సుల్తాన్ కేరేజీ వైపు చూస్తూ. "రిపేరుకొచ్చిన టేప్‌రికార్డరు బాగుపడిందో లేదో సూద్దారని రికార్డు నొక్కేను. నువ్వు చాయ్ తెచ్చేవు. చెరపబుద్ధి కాలేదు."

"ఇన్నాళ్లూ దీంతోనా ఊరందరికీ..."

"బాగా తెలిసిన చప్పుడుతోనే కదా పరీక్ష చెయ్యాల. నాకు అంత బాగా తెలిసింది అదొక్కటే."

షాజాదీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వో ఏడుపో ఆవిడకే తెలియలేదు. ఝాన్సీ మాత్రం వచ్చిన పని మరిచిపోలేదు. బీరువాలోంచి నల్లపట్టీది తీసి, దుమ్ము తుడిచి, "పిన్నీ, ఇప్పుడిందులో విను" అంది.

షాజాదీ విని, "ఇందులో గాజులు మనింట్లో మోగినట్టే ఉన్నాయి. అందులో అయితే విరగ్గొడతన్నట్టున్నాయి" అంది.

"నల్లదాంట్లో గాజులెక్కడున్నాయి?" అన్నాడు సుల్తాన్.

ఆడవాళ్లిద్దరూ మొహాలు చూసుకున్నారు. ఝాన్సీ తనూ పెట్టుకుని విని, "ఉన్నాయి బాబాయ్" అంది మెల్లగా.

ఆయన లాక్కుని విన్నాడు. నీళ్లు ఉన్నాయి. స్టవ్వు ఉంది. చాయ్ చల్లారిపోతోందన్న మాట ఉంది. గాజులు లేవు. కళ్లు తెరిచి హెడ్‌ఫోను తీసేసేసరికి ఎదురుగా షాజాదీ జారిన కొంగు తల మీదికి సర్దుకుంటోంది. ఆమె ఎత్తిన చేతికి రెండు డజన్లలో సగం మణికట్టు నుంచి మోచేతి దాకా జర్రున జారడం చూశాడు. చూశాడంతే. ఏ చప్పుడూ రాలేదు.

అనకాపల్లి గాజుల కొట్టాయన చూసిన చూపు అప్పుడు అర్థమైంది. అందరికీ సూదుల్లా గుచ్చే ఆ వెండిదాంట్లో తప్ప సన్నటి మోతలేవీ తన చెవికి అందడం లేదన్నదీ అర్థమైంది. భయం వేసింది సుల్తాన్‌కి. ఊళ్లో పేరు పోతుందన్నది తరవాతి భయం. ఇన్ని నెలలు ఈ మనిషి తన పక్కనే తిరుగుతుంటే తనకి వినిపించనే లేదన్నది మొదటిది.

"నీకు తెలుసా?" అని అడిగాడు.

"రంజాన్‌కి ముందునుంచీ తెలుసు. వెనకనుంచి పిలిస్తే పలకడం లేదు మీరు. ఊరందరికీ మీ చెవే కదా, నా నోటితో ఎలగ సెప్పను?" అంది షాజాదీ.

సుల్తాన్ కాసేపు కౌంటరు మీద లేని దుమ్ము తుడిచాడు. తరవాత నల్లపట్టీ హెడ్‌ఫోను కాగితంలో చుట్టి ఝాన్సీ చేతికిచ్చాడు.

"ఆ మేష్టారికీ మేడమ్‌కీ సెప్పు, వచ్చి మార్చుకోమని. నా చెవి పాడైపోయిందనీ సెప్పు."

"అదెందుకు బాబాయ్? మార్చుకోమంటానంతే. ఊళ్లో అందరికీ తెలియాలా?"

"సెప్పాల. సెప్పకపోతే వాళ్లు వాళ్ల చెవుల్నే అనుమానిస్తారు."

ఆ మాట అనడానికి ఆయనకి ఎంత కష్టమైందో షాజాదీకి తెలుసు. ఆమె వెళ్లి ఆయన పక్కన నిలబడింది.

ఊరికి తెలిసింది. వచ్చేవాళ్లు కొంత తగ్గిన మాట నిజం. వారం తిరక్కుండా దేవరాపల్లి నుంచి పరదేశి అనే చెరకు రైతు హెడ్‌ఫోను కోసం వచ్చి, ఏ సంగతీ తెలియక, "భాయ్, ఏది మంచిదో నువ్వే సెప్పు. మాకేటి తెలుస్తాది?" అన్నాడు. సుల్తాన్ రెండూ ఆయన ముందు పెట్టాడు. "నీకిష్టమైన పాట పెట్టుకుని నువ్వే విను బాబూ. నాకు వెండిదే ఇష్టం. కానీ నా ఇష్టానికో కారణం ఉన్నాది, అది నీకు పనికిరాదు" అన్నాడు. పరదేశి జన్మలో మొదటిసారి అరగంట సేపు విని, నల్లది ఎంచుకుని, పరీక్ష ప్యాసైన వాడిలా వెళ్లాడు.

వెండిపట్టీవి తిరిగొచ్చినవన్నీ సుల్తాన్ విశాఖపట్నం పంపేశాడు, ఒక్కటి తప్ప. అవి పంపేసిన రోజు మధ్యాహ్నం షాజాదీ కొట్టులో కూర్చుని కేరేజీ విప్పుతుంటే ఆయన దాన్ని తగిలించుకుని లోపలి కేసెట్టు పెట్టుకున్నాడు. ఎదురుగా ఆమె చెయ్యి గిన్నెల మధ్య ఆడుతోంది. గాజులు పైకీ కిందికీ జారుతున్నాయి. చెవుల్లో పదిహేడేళ్ల కిందటి గాజులు గలగలా మోగుతున్నాయి. చెయ్యి ఇప్పటిది, మోత అప్పటిది. రెండూ కలుస్తాయేమోనని ఆయన ఆ చేతినే చూస్తున్నాడు.

షాజాదీ తలెత్తి ఏదో అంది. పెదాలు చూసి పోల్చుకున్నాడు. కూర చల్లారిపోతన్నాది, ఆ డబ్బా వదిలేసి రండి, అంటోంది.

"ఒక్క నిమిషం" అన్నాడు సుల్తాన్. "నువ్వే మాటాడతన్నావు."