వాగులోంచి నడిచొచ్చే జోళ్లు

మా స్లొవాక్ ఊరి బడిలో బురదబూట్లు గుమ్మం దగ్గరే విప్పి, గుడ్డజోళ్లు తొడుక్కుంటేనే తరగతిలోకి అడుగు. పిల్లలకైనా, పంతులమ్మకైనా, చూడ్డానికొచ్చిన పెద్దలకైనా అదే లెక్క.

వాగు అవతల రోమా అనే జిప్సీల గుడిసెల నుంచి వచ్చే పిల్ల ఇవెటా ఒక్కతే. ఆమె జోళ్లని మా తరగతి రాడో గుంపు రోజూ వాగులోకి విసిరేది. అవి రోజూ గట్టెక్కి, మెట్లెక్కి, నీళ్లోడుతూ వాటంతటవే నడిచొచ్చేవి.

"మళ్లీ తడిపేశాయి! నా నడుం విరగ్గొట్టడానికే పుట్టాయివి," అని ఆయా బ్లజేనత్త తుడుపుగుడ్డ అందుకునేది. విసిరినవాళ్లని మాత్రం ఒక్క మాట అనేది కాదు. ఇవెటా తడిజోళ్లే తొడుక్కునేది. మొదట్లో ఏడ్చేది పాపం. ఏడ్చి ఏడ్చి విసిగిపోయింది, ఇప్పుడు ఏడుపు కూడా రావడం లేదు.

ఆ బుధవారం పట్నం నుంచి పరీక్ష పెట్టే అమ్మగారొచ్చింది. ఇవెటా జవాబులు చెప్పకపోతే మందబుద్ధి పిల్లల బడికి పంపేస్తారు. వాళ్లక్కని అలాగే పంపారు. అక్కడికెళ్లిన రోమా పిల్లలెవరూ తిరిగి మా బడికి రాలేదు.

"ఇవాళ రాయి కట్టి మరీ వేశాం. రమ్మను చూద్దాం!" అన్నాడు రాడో.

నిజంగానే రాలేదు.

"జోళ్లు లేకుండా లోపలికి రాకు, ఇవెటా," అంది పంతులమ్మ.

"అయితే హాజరు కాలేదని రాసేస్తానండీ," అంది అమ్మగారు, బడివాళ్లిచ్చిన జోళ్లలో కాళ్లూపుతూ.

ఆమె కలం తీసేసరికి ఆ జోళ్లు కాళ్లొదిలేసి చక్కా పోయాయి. వాటి వెనకే పంతులమ్మవీ, పిల్లలందరివీ టపటపా బయటికి నడిచి, బూట్ల గదిలో కూర్చున్న ఇవెటా ముందు బారులు తీరాయి.

బ్లజేనత్త గుమ్మంలో నిలబడి గదమాయించింది. "జోళ్లు లేనివాళ్లు తరగతిలో ఉండకూడదు. పదండి, అందరూ బయటికి!"

అలా పరీక్ష బూట్ల గదిలోనే జరిగింది. ఒకటే చలి. పంతులమ్మ మేజోడు చిల్లులోంచి బొటనవేలు కనబడుతున్నా ఎవరూ నవ్వలేదు.

"ఇక్కడ ఎన్ని జతలున్నాయమ్మా?" అనడిగింది అమ్మగారు.

"ఇరవై రెండండీ. నాదీ ఉంటే ఇరవై మూడు. అది వాగులో రాయికి కట్టేసి ఉంది."

అమ్మగారు వాగు వైపు ఒకసారి చూసింది. తర్వాత ఇంకో పది ప్రశ్నలడిగింది. పిల్ల పదీ చెప్పింది. అమ్మగారు 'ఈ బడిలోనే చదవాలి' అని రాసి సంతకం పెట్టింది.

బారులు తీరిన జోళ్లు మాత్రం కదల్లేదు. చివరికి రాడో బూట్లు వేసుకుని వెళ్లి, మోకాలిలోతు నీళ్లలో దిగి తాడు విప్పాడు. ఇవెటా జోళ్లు వాడికంటే ముందే వచ్చేశాయి. అప్పుడు గానీ మిగతా జోళ్లు ఎవరివి వాళ్ల దగ్గరికి పోలేదు.

అలవాటు కొద్దీ ఇవెటా తడిజోళ్లలో కాలు పెట్టబోయింది.

"ఆగవే తల్లీ," అని బ్లజేనత్త వాటిని లాక్కుంది, గట్టిగా పిండి పొయ్యి పక్కన పెట్టింది. "ఇన్నాళ్లూ నేల తుడుస్తూ తిట్టుకున్నానే గానీ, వీటిని ఆరబెట్టాలని తట్టలేదు చూడు నాకు."

అప్పుడొచ్చింది ఇవెటాకి ఏడుపు.