దిష్టి తీసిన నాలుక

"ఇంకో పూత వెయ్యాలి. కెమెరాలో ఈమె తెల్లగా పడుతోంది," అన్నాడు మేకప్ మనిషి.

నతాలిన్ చెయ్యి చాపింది. పొద్దున ఏడింటికి పూసిన నల్లరంగు పదకొండయ్యేసరికి చెమటకు కరిగి మోచేతుల దగ్గర చారలు కట్టింది. ఏప్రిల్ ఎండ. టేకుచెట్ల మీద ఒక్క ఆకు లేదు. నీడ కావాలంటే జనరేటర్ బండి పక్కకు పోవాలి, అక్కడేమో పొగ.

వరసలో తర్వాత కూర్చున్న ఆడబిడ్డ పావ్లిన్ పకపకా నవ్వింది.

"వింటివా వదినా? పుట్టినకాడ్నుంచి మనల్ని నల్లోళ్ళు, నల్లోళ్ళు అని సంతలో జనమంతా అనె. ఈడికొస్తే మన నలుపు చాల్లేదంట. దేవుడు ఒక పూత తక్కువేసి పంపిచ్చినాడు."

వరసంతా నవ్వింది. మేకప్ మనిషి కూడా నవ్వాడు, అతనికేం అర్థమైందో గాని. నతాలిన్‌కు నవ్వు రాలేదు. ప్లాస్టిక్ గడ్డి లంగా కింద, బొడ్డున దోపుకున్న ఫోను మీదే ఆమె ప్రాణమంతా ఉంది. సోమవారం సాయంత్రం నుంచి కూతురు మిలాగ్రిన్ ఫోను ఎత్తడం లేదు. ఇవాళ శనివారం.

మిలాగ్రిన్ ధార్వాడలో నర్సింగు చదువుతోంది, రెండో సంవత్సరం. ఎప్పుడో ఆఫ్రికా నుంచి ఓడల్లో తెచ్చినవాళ్ళ సంతతి తాము; తమ సిద్దీల వాడలో అంత దూరం చదివిన పిల్ల మరొకతి లేదు. ఫోను ఎత్తకపోతే ఏమై ఉంటుంది? జ్వరమేమో. జ్వరమైతే ఎవరో ఒకరు చెప్పరా? రోడ్డు దాటుతూ ఏ లారీ కిందో... తల అడ్డంగా ఆడించి ఆ ఆలోచనను తోసేసింది. తోసేస్తే ఇంకోటి వచ్చి కూర్చుంది. మొగుడు పోయి తొమ్మిదేళ్ళు. అప్పటినుంచి ఆమె మనసు ఇంతే. తలుపు కొట్టిన చప్పుడైతే చాలు, చావు కబురే అనుకుంటుంది.

ఇన్ని ఆలోచనల వెనక ఇంకొకటి ఉంది. దాన్ని మాత్రం దగ్గరికి రానివ్వడం లేదు. ఆ సోమవారం సాయంత్రమే ఈ టీవీ సీరియల్లో తన మొహం కనిపించింది.

హళియాళ్ చుట్టుపక్కల చెరకు నరికితే ఆడమనిషికి రోజుకు మూడొందల యాభై. ఇక్కడ ఆరొందలు, మధ్యాహ్నం చిత్రాన్నం పొట్లం, రెండుసార్లు టీ. వాడలోని బస్త్యాం నలభై మందిని పోగుచేసి తెచ్చాడు. కథ ఏమిటంటే, పెద్దింటి కోడలు చంటిబిడ్డతో అడవిలో దారి తప్పుతుంది. అక్కడ కర్కటులనే తెగ వాళ్ళను పట్టుకుంటుంది. ఆ కర్కటులు వీళ్ళే. మొదటి రోజు ఎముకల దండలు, ఈకలు పంచుతుంటే ముసలి సిమావ్ తన దండను తిప్పి తిప్పి చూసి, "మా తాత కట్టెల డిపోలో మేస్త్రీ. ఈకలు కట్టుకుంటే ఆయన్ను పనిలోంచి తీసేసుందురు" అన్నాడు. అప్పుడూ అందరూ నవ్వారు.

ఆ మొదటి రోజే బిడ్డ సన్నివేశం తీశారు. హుబ్బళ్ళి నుంచి ఒకావిడ, గిరిజ, తన అయిదు నెలల పిల్లాణ్ణి రోజు కూలికి తెచ్చింది. పిల్లాణ్ణి ఆకుల మీద పడుకోబెట్టారు. చుట్టూ నలభైమంది సిద్దీలు, ఇరవైమంది బెంగళూరు వాళ్ళు, అద్దాల్లాంటి రేకుల నుంచి కళ్ళల్లోకి కొట్టే వెలుతురు. పిల్లాడు గుక్కపట్టాడు.

"అమ్మా, మీ పద్ధతిలో ఏదో ఒకటి చెయ్యండి. మీకిష్టమొచ్చింది చెయ్యండి. సహజంగా ఉండాలి, అంతే," అన్నాడు దర్శకుడు. కుర్రవాడే, మర్యాద తెలిసినవాడే.

నతాలిన్‌కు ఏ పద్ధతీ గుర్తుకు రాలేదు. ఏడుస్తున్న బిడ్డ కనిపించాడు. అన్ని కళ్ళు పడితే ఏడవక ఏం చేస్తాడు? మోకాళ్ళ మీద కూర్చుని, తమ ఇళ్ళల్లో అవ్వలు చేసేదే చేసింది. పిల్లాడి నుదురు ఈ కణత నుంచి ఆ కణత దాకా నాలుకతో ఒక్కసారి తుడిచి, పక్కకు తిరిగి మూడుసార్లు ఉమ్మింది. "చిన్నాయనా, నీ మీద పడిన కన్ను నా నోట పడనీ. నాకేమన్నా కానీ, నీకు నిద్ర రానీ" అని తమ మాటలో గొణిగింది. పిల్లాడు ఉలిక్కిపడి ఏడుపు ఆపాడు. ఆమె మొహంలోకి చూసి బోసినోటితో నవ్వాడు.

కెమెరా తిరుగుతోందన్న సంగతి అప్పుడు ఆమెకు గుర్తే లేదు.

అందరూ చప్పట్లు కొట్టారు. గిరిజ వచ్చి, "మా అమ్మ ఉప్పూ మిరపకాయలూ తిప్పుతుంది అవ్వా. మీది ఇంకా బాగుంది, వెంటనే ఊరుకున్నాడు" అంటూ పిల్లాణ్ణి మళ్ళీ ఆమె ఒళ్ళోనే పెట్టింది. ఆ పూటంతా వాడు నతాలిన్ దగ్గరే పడుకున్నాడు.

సోమవారం బస్త్యాం ఇంట్లో టీవీ ముందు వాడంతా చేరింది. తెర ఎర్రగా మారింది. నక్క ఊళ. డప్పులు. ఆ ఎరుపులోంచి నతాలిన్ మొహం మెల్లగా పైకి లేచింది. పళ్ళు, కళ్ళు తప్ప ఇంకేమీ లేదు. నాలుక బయటికి వచ్చింది. బిడ్డ నుదుటి మీద అది మెల్లగా, ఎంతో మెల్లగా కదిలింది. పెద్దింటి కోడలు కెవ్వుమంది. నతాలిన్ పెదాలు ఆడాయి, వేరే ఎవరిదో బొంగురు గొంతు వినిపించింది. "పచ్చి నెత్తురు... తియ్యగా ఉంది."

అందరూ నతాలిన్ వైపు తిరిగారు. తర్వాత ఎవరో, "ఓయమ్మ, నతాలిన్ అక్క బాగా జేసింది!" అన్నారు. నవ్వులు. నతాలిన్ చెప్పులు వెతుక్కుంటూ బయటికి వచ్చి కూతురికి ఫోను చేసింది. మోగింది, మోగింది, ఆగిపోయింది.

మధ్యాహ్నం చిత్రాన్నం పొట్లం విప్పబోతుండగా బొడ్డున ఫోను వణికింది. పొట్లం పావ్లిన్ ఒళ్ళో పడేసి, టేకుచెట్ల మధ్యకు దాదాపు పరుగెత్తింది.

"మిలా! ఏమైందే? బాగుండావా? జొరమా? ఎవురన్నా ఏమన్నా అన్యారా? యాడుండావు?"

"బాగుండానమ్మా."

"మరి ఫోనెందుకు ఎత్తలే? నా పానం పోతాండాదే ఈడ!"

నతాలిన్ ఫోనును చెవికి ఇంకా గట్టిగా నొక్కుకుంది.

"ఈ వారం పిల్లల వార్డులో డ్యూటీ పడింది నాకు," అంది మిలాగ్రిన్. "మంగళవారం ఒక పాపకు జొరం చూస్తాంటి. వాళ్ళమ్మ నా చేతిలోంచి పాపను లాక్కుంది. పక్క మంచం ఆమె 'కర్కటి వచ్చింది' అనె. అందరూ నవ్విరి. సిస్టరమ్మ మంచిదే, ఏమీ అన్లా. కొన్ని రోజులు దుప్పట్ల గదిలో పని చెయ్యమ్మా అని పంపింది. అయిదు రోజులుగా దుప్పట్లు మడత పెడతాండా."

"అయ్యో తల్లీ..."

"హాస్టల్లో నా పక్క మంచం పిల్ల ఆ కిటికీ పక్కకు పోయి పడుకుంటాండాది. గాలి కోసరమంట."

ఇన్నాళ్ళూ ఎన్ని కీడులు ఊహించిందో, ఇది మాత్రం ఊహించలేదు.

"అమ్మా," అంది మిలాగ్రిన్. "నువ్వు ఏం జేసినావో నాకు తెలుసమ్మా. పరీక్షలకు పోయేటప్పుడు నాకు చేసేదే కదా. హాస్టల్లో టీవీ ముందర కూచోని చూస్తాండా. నీ నాలుక కనబడంగానే నా నుదురు నేనే తుడుచుకుంటి. ఆ సంగతి ఎవురికి చెప్పేది? దిష్టమ్మా అది అంటే, మీ ఇంట్లో కూడా చేస్తారా అంటారు. అదెవరో నాకు తెలీదన్యా. ఆమె మా అమ్మ అని చెప్పలేదు."

"మంచి పని చేసినావులే," అంది నతాలిన్. ఆ మాట ఎలా వచ్చిందో ఆమెకే తెలీదు. "చెప్పొద్దు. మంచి పని."

"ఈ ఆదివారం రావద్దమ్మా."

"రానులే. రాను. తిన్యావా?"

అటువైపు పెట్టేసిన చప్పుడైంది. నతాలిన్ ఇంకా ఫోను చెవిదగ్గరే పెట్టుకుని, "తిను తల్లీ, నీళ్ళు బాగా తాగు, ఎండలు" అంటూనే ఉంది.

మధ్యాహ్నం రెండింటికి ఆమెను పిలిచారు. ఆకుల పరుపు, మంటలు, అదే పిల్లాడు. ఈసారి కెమెరా ఇంకా దగ్గరికి వచ్చింది, దాదాపు మొహం మీదికి. సహాయకుడు గిన్నెలో ఎర్రటి పాకం పట్టుకుని నిలబడ్డాడు.

"అమ్మా, మొన్నటి సీన్‌కి ఎంత పేరొచ్చిందో మీకు తెలీదు," అన్నాడు దర్శకుడు. "అదే మళ్ళీ చెయ్యాలి. ఈసారి నాలుక మీద ఇది రాస్తాం. మెల్లగా చెయ్యండి. ఇవాళ మీకు ఆరొందలు కాదు, రెండున్నర వేలు."

వెనక ఎవరో ఈల వేశారు. "వదినా, నన్నూ నీ చెలికత్తెగా పెట్టుకో!" అంది పావ్లిన్.

గిరిజ పిల్లాణ్ణి పట్టుకుని ముందుకు వచ్చింది గాని ఇవ్వలేదు. నతాలిన్ మొహంలోకి చూడకుండా సహాయకుడితో అంది: "ముందు ఆమెను నోరు కడుక్కోమనండి. నేనూ ఇక్కడే నిలబడతాను. ఏమీ అనుకోవద్దు సార్, టీవీలో చూశాక నాకు నిద్ర పట్టలేదు."

మొన్న పిల్లాణ్ణి తన ఒళ్ళో పెట్టిన చేతులే. నతాలిన్ ఆ చేతుల వైపు చూసింది. గిరిజ భయం ఆమెకు అర్థమైంది. తన బిడ్డ దగ్గరికి అలాంటి మొహం వస్తే తానూ లాక్కునేది. ఆ మొహం తనదే, అదొక్కటే తేడా.

పుక్కిలించి ఉమ్మింది. నాలుక చాపింది. పాకం రాశారు, మందు వాసన. మోకాళ్ళ మీద కూర్చుంది. "యాక్షన్" అన్నారు. వంగింది. పిల్లాడు కాళ్ళు ఆడించడం మానేసి చూశాడు. గుర్తుపట్టాడు కాబోలు, బోసినోరు విప్పాడు.

నతాలిన్ నోరు మూసుకుంది.

"నాలుక అమ్మా!"

ఆమె పక్కకు తిరిగి ఆ ఎరుపంతా మట్టిలో ఉమ్మేసింది. గడ్డి లంగా అంచుతో పెదాలు తుడుచుకుని లేచి నిలబడింది.

"చెయ్యను సామీ."

"ఏమైంది? ఒంట్లో బాగాలేదా?"

"బాగుండాను. ఇది చెయ్యను. ఈటె పట్టుకోమను, పరిగెత్తమను, పొద్దుగూకే దాకా ఎండలో నిలబడమను. ఇది మాత్రం కాదు."

"మొన్న మీరే చేశారు కదమ్మా? మేం చెప్పలేదే?"

"మొన్న పిల్లోడు ఏడిస్తే చేసినా. అది ఏషం కాదు. దిష్టి తీసేది. మీరు నెత్తురంటిరి."

దర్శకుడికి నిజంగానే నొచ్చింది. "అమ్మా, ఇది కథ. కర్కటులు కల్పిత తెగ అని మొదట్లోనే అక్షరాలు వేస్తున్నాం. మీరని ఎక్కడా అనలేదు. అసలు ఇన్నేళ్ళలో ఏ టీవీలోనైనా మీ వాళ్ళ మొహాలు చూశారా? మేం చూపిస్తున్నాం. రాష్ట్రమంతా మిమ్మల్ని చూస్తోంది."

"అదే సామీ నా బయం. అచ్చరాలు ఎవురు సదువుతారు? మొగం నాదే గదా."

దుప్పట్ల గది సంగతి చెబుదామనుకుంది. చెబితే కూతురు ఎవరో అందరికీ తెలుస్తుంది.

బస్త్యాం చెయ్యి పట్టుకుని పక్కకు లాగాడు. "నీకేమన్నా పిచ్చి పట్టిందా? నువ్వు కాదంటే దండేలి నుంచి వేరేవాళ్ళను తెచ్చుకుంటారు. ఇంకా ఎనిమిది రోజుల పనుంది నలభై మందికి. ఒక్కదాని రోసానికి అందరి నోట్లో మన్ను కొడతావా?"

నతాలిన్ వరసల వైపు చూసింది. రంగు పూసుకున్న మొహాల్లో ఎవరు ఎవరో తెలియడం లేదు. అందరూ తన వాళ్ళే, పెళ్ళిళ్ళకూ పురుళ్ళకూ వచ్చినవాళ్ళే. ఒక్కరూ ఆమె కళ్ళల్లోకి చూడలేదు. ముసలి సిమావ్ ఎముకల దండ సర్దుకుంటున్నాడు.

"నేన్జేస్తా," అంది పావ్లిన్, లేచి గడ్డి దులుపుకుంటూ. "వానలొచ్చేలోపల ఇంటి మీదికి రేకులు గావల్ల. వదినా, కోపం పెట్టుకోవద్దు. రెండున్నర వేలు యాడొస్తుంది?"

"కోపమేముంది పావ్లిన్," అంది నతాలిన్. నిజంగానే కోపం లేదు. ఒట్టి నీరసం.

వాళ్ళ మధ్య నుంచి నడిచి, వంటవాళ్ళు గుండిగలు బోర్లించిన చోటికి వెళ్ళి మట్టిలో కూర్చుంది. ఇప్పుడు ఎక్కడికి పోవాలి? కూలి మేస్త్రీల దగ్గర ఈ మాట రేపటికల్లా పాకుతుంది. వాడలోకి పోతే ఈ నలభై మంది ఇళ్ళే. ధార్వాడ పోదామంటే బిడ్డే రావద్దంది. పోయినా హాస్టల్ గేటు దగ్గర ఎవరి తాలూకు అని అడిగితే ఏం చెప్పాలి?

అక్కడినుంచి ఆకుల పరుపు కనబడదు. జనం వీపులే అడ్డం. జనరేటర్ మోతలోంచి మాటలు ముక్కలు ముక్కలుగా వస్తున్నాయి. పిల్లాడు గుక్కపట్టి ఏడుస్తున్నాడు.

"యాక్షన్!"

ఏడుపు.

"నాలుకమ్మా! నాలుక బయటికి పెట్టండి!"

నతాలిన్ తల ఎత్తింది.

"కట్. మళ్ళీ. ఏమైందమ్మా, ఇందాక రిహార్సల్లో చూపించారు కదా?"

పావ్లిన్ ఏదో అంది. ఏమందో వినబడలేదు. పావ్లిన్‌కు ముగ్గురు మనవలు. పోయిన నెలలో చిన్నదానికి నాలుకతో నుదురు తుడిచి దిష్టి తీసింది ఆమే.

"యాక్షన్! నాలుక! అమ్మా, నాలుక!"

ఉన్నట్టుండి, మొన్న తన నాలుక తగిలినప్పుడు ఆగినట్టే, పిల్లాడి ఏడుపు ఆగిపోయింది.

నతాలిన్ లేచి మునివేళ్ళ మీద నిలబడింది. అన్నీ వీపులే. ఒక్కటీ కదలడం లేదు. కట్ అని ఎవరూ అనలేదు.