నాలుగో లైను

రామచంద్రరావుకి అడ్రసుల పిచ్చి. ఎవరింటి నుంచైనా శుభలేఖ వస్తే పెళ్ళి ఎవరిదో చూడకుండా, ముందు కవరు మీద పిన్ కోడ్ సరిగ్గా ఉందో లేదో చూస్తాడని భార్య అనంతలక్ష్మి నలుగురిలో నవ్వుతుండేది. ఖతర్‌లోని ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక కార్గో ఆఫీసు. జనం తెచ్చిన పెట్టెల మీది అడ్రసు కంప్యూటర్లోకి ఎక్కించి, లేబుల్ తీసి అంటించడం పన్నెండేళ్ళుగా అక్కడ ఆయన పని. అందులో పదేళ్ళు ఇంగ్లండు పెట్టెలే చూశాడు.

ఆ రోజుల్లో ఒక తెల్ల టీచరమ్మ, ఉద్యోగం మానేసి సొంతూరు వెళ్ళిపోతూ, ఏడు పెట్టెలు తెచ్చింది. ప్రతి పెట్టె మీదా ఊరి పేరు కింద కౌంటీ, అంటే వాళ్ళ జిల్లా పేరు, మిడిల్‌సెక్స్ అని రాసుకొచ్చింది. "మేడమ్, ఆ కౌంటీ రద్దయి యాభై ఏళ్ళు దాటింది. అసలు మీ పోస్టువాళ్ళకి కౌంటీ పేరే అక్కర్లేదు. పోస్టు టౌనూ, పోస్టుకోడూ ఉంటే చాలు," అని చెప్పాడు. ఇంగ్లండు గడప తొక్కని మనిషి, ఇంగ్లండులో పుట్టినావిడకి! ఆవిడ లేబుల్ వంక కాసేపు చూసి, "మా అమ్మ ఉత్తరాల మీద అలాగే ఉండేది," అంది. అయినా ఈయన కొట్టేశాడు. ఏడు పెట్టెలూ భేషుగ్గా చేరాయి. ఆ చేరడమే తర్వాత కొంప ముంచింది.

రెండేళ్ళ కిందట ఆయన్ని తెలుగువాళ్ళ కౌంటర్‌కి మార్చారు. అప్పటికి తెలంగాణలో పది జిల్లాలు కాస్తా ముప్పై మూడయ్యాయి. ఒకే ఊరివాళ్ళు ఇద్దరు వస్తే ఒకడు కరీంనగర్ అంటాడు, ఇంకొకడు జగిత్యాల అంటాడు. కంప్యూటర్ ఎర్ర గీత చూపించి మొరాయిస్తుంది. రామచంద్రరావు దానికో ఉపాయం కనిపెట్టాడు. నాలుగో లైను, అంటే జిల్లా పేరు, ఖాళీగా వదిలేయడం. ఊరి పేరు కొట్టగానే కంప్యూటరే ఏదో ఒక పిన్ తెచ్చి వేసుకుంటుంది. లైను చకచకా కదిలింది, మేనేజరు భుజం తట్టాడు. "ఇంగ్లండువాళ్ళకే అక్కర్లేనిది మనకెందుకే?" అని ముఐథర్ పేటలోని ఇంటికొచ్చి భార్య దగ్గర గొప్పలు పోయాడు.

ఇంగ్లండు కోడు ఒక వీధిలో పదిహేను ఇళ్ళ ముందు తీసుకెళ్ళి నిలబెడుతుంది. మన పిన్ పాతిక ఊళ్ళకి ఒకటి. ఒకే పేరున్న ఊళ్ళు జిల్లాకొకటి ఉంటాయి. ఈ సంగతి నాలుగో క్లాసు పిల్లాడికి తెలుసు. ఆయనకి మాత్రం తట్టలేదు.

ఫిబ్రవరిలో ఒక శుక్రవారం అంజి అనే పనివాడు పెట్టె మోసుకొచ్చాడు. అట్టపెట్టె మీద నల్ల మార్కరుతో పెద్ద పెద్ద అక్షరాలు: దుబాయి నర్సింలు ఇల్లు, రాంపూర్, జగిత్యాల జిల్లా.

"దుబాయి ఏమిటయ్యా? ఇది ఖతర్ కదా?"

"మా దిక్కు అన్నీ దుబాయే సార్. ఆయన పెండ్లాం సాయవ్వ ఇల్లంటే ఎవ్వలకు తెల్వది. దుబాయి నర్సింలు ఇల్లంటే ఎవ్వలన్న చూపెడ్తరు." అంజి గొంతు సవరించుకున్నాడు. "గాయన చేతితోనే రాసుకున్నడు సార్, సెలవు మీద పోదామని. పోయిన నెల సైటు కాడ లారీ గుద్ది సచ్చిపోయిండు. శవం పోయింది. గీ సామాను మిగిలింది."

చనిపోయినవాడి గుర్తింపు కార్డు జిరాక్సు ఇచ్చాడు. బక్క ముఖం, ఎడమ కనుబొమ్మ మీద మచ్చ. రామచంద్రరావు పాపం అనుకున్నాడు. అనుకుంటూనే దుబాయి నర్సింలు పేరూ, ఊరి పేరూ కొట్టాడు, నాలుగో లైను వదిలేశాడు, ఫోన్ నంబరు దగ్గర అంజిదే వేశాడు. తెల్ల లేబుల్ తీసి సరిగ్గా ఆ మార్కరు రాత మీదే అంటించాడు. ఆఫీసు పద్ధతి అది. పాత రాత కనబడకూడదు.

పన్నెండు రోజుల్లో పెట్టె అందినట్టు కంప్యూటర్ చెప్పింది. ఆ పై శుక్రవారం అంజి వచ్చాడు, అందలేదన్నాడు.

"భూమవ్వ అని వేలిముద్ర వేసి తీసుకున్నారయ్యా."

"ఆ ఇంట్ల భూమవ్వ అన్న మనిషే లేదు సార్."

"మీవాళ్ళే ఎవరో తీసుకుని ఉంటారు, కనుక్కో." ఖాళీ వదిలిన నాలుగో లైను సంగతి అప్పటికే ఆయనకి తట్టింది. అయినా అన్నాడు. తప్పు తనదని తెలిసిన మనిషికి గొంతు ఎప్పుడూ ఒక మెట్టు పైనే ఉంటుంది.

అంజి ఫోన్ తీసి సాయవ్వ పంపిన వాయిస్ మెసేజి వినిపించాడు. ఆడగొంతు, ఏడుపు లేని గొంతు.

"అంజన్నా, శవం డబ్బా తెరవద్దన్నరు, మొఖం చూడనియ్యలే. ఎవల్ని కాలవెట్టిన్నో నాకెట్ల ఎరుక? ఆయన సామాన్ల ఉన్న టిఫిన్ గిన్నె మా అవ్వగారింట్ల ఇచ్చింది, దాని మీద నా పేరు కొట్టిచ్చి ఉంటది. అది ఎన్నడు ఆయన చెయ్యి ఇడ్వలే. అది నా కండ్ల జూస్తే నమ్ముత. అప్పటిదాంక ఆయన ఉన్నట్టే. పుస్తె తియ్య."

"రోజూ ఆయనకు సుత అన్నం వండుతుందట సార్," అన్నాడు అంజి. "పొద్దుమూకినంక దర్వాజ కాడ కూసుంటదట."

రామచంద్రరావు తల తిప్పి, అంజి వెనక నిలబడ్డ మనిషితో "మీదేంటండీ?" అన్నాడు, ఈ సంభాషణ తప్పించుకోవడానికి. నీలం డ్రస్సు, చంకలో హెల్మెట్, బక్క ముఖం.

అంజి వెనక్కి చూశాడు. "నా ఎన్క ఎవలు లేరు సార్."

నిజమే, ఎవరూ లేరు. ఏసీ కింద ఖాళీ గచ్చు. కనుబొమ్మ మీది మచ్చ మాత్రం ఆయన కళ్ళలో ఉండిపోయింది.

ఆ తర్వాత ఆ మనిషి రోజూ వచ్చేవాడు. మిట్టమధ్యాహ్నం, లైటు వెలుతురులోనే, లైనులో చివర నిలబడేవాడు. తోసుకునేవాడు కాదు. తన వంతు వచ్చేసరికి ఉండేవాడు కాదు. ఒక్క మాట మాట్లాడినా రామచంద్రరావుకి ఇంత భయం వేసేది కాదు. ఏ పెట్టెకి లేబుల్ అంటించినా కింద నుంచి నల్ల మార్కరు రాత పైకి తేలుతున్నట్టుండేది. గోరుతో గీకి చూసేవాడు. ఇంట్లో అన్నం ముందు కూర్చుంటే సాయవ్వ వడ్డించిన రెండో కంచం గుర్తొచ్చి ముద్ద దిగేది కాదు.

మూడో వారం అనంతలక్ష్మి కంచం పక్కకి లాగేసింది. "ఏమైందో చెప్తారా, చెప్పరా?"

చెప్పాడు. మిడిల్‌సెక్స్ నుంచి మొదలుపెట్టి అంతా చెప్పాడు. ఆవిడ కోప్పడుతుందనుకున్నాడు, ఓదారుస్తుందనుకున్నాడు. ఆవిడ ఆ రెండూ చెయ్యలేదు.

"ఆ భూమవ్వకి ఫోన్ చేశారా?"

"లేదు."

"మరి ఆ మనిషి రోజూ రాక ఏం చేస్తాడండీ?" అంది.

మర్నాడు పొద్దున్నే ఇండియాలో పెట్టెలు పంచే ఏజెంటుకి ఫోన్ చేసి, వెంటపడి, నంబరు సంపాదించాడు. ఆ రాంపూర్ నిజామాబాద్ జిల్లాది. మధ్యాహ్నం లైనులో ఆరుగురున్నారు. చివర అతనున్నాడు. రామచంద్రరావు ఇక ఆగలేక, అందరి ముందే నంబరు నొక్కాడు.

"ఎవలు?" ముసలి గొంతు.

"అమ్మా, నేను దుబాయ్ నుంచి." పన్నెండేళ్ళలో ఖతర్‌ని ఆ పేరుతో పిలవడం అదే మొదలు. "ఫిబ్రవరిలో మీకో పెట్టె వచ్చింది కదా, అది మీది కాదమ్మా. వేరే రాంపూర్‌లో ఉన్న నర్సింలుది. జిల్లా పేరు నేనే వదిలేశాను. తప్పు నాది."

అవతల కోడి కూసింది.

"ఎరుకే బిడ్డా."

"తెలుసా?"

"టిఫిన్ మీద పేరు సదివిపిచ్చుకున్న. సాయవ్వ అని ఉండె. మా ఇంట్ల సాయవ్వ ఎవ్వలున్నరు?" ముసలమ్మ ఊపిరి తీసుకుంది. "మా నర్సింలు సుత దుబాయే పోయిండు. తొమ్మిదేండ్లాయె. ఆరేండ్ల సంది ఫోన్ లేదు, జాడ లేదు. పెట్టె రాంగనే ఊరంత ఒర్రుకుంట వచ్చిండ్రు. కోడలు కొంగు నోట్ల కుక్కుకొని ఏడ్సింది. కాదని ఎట్ల చెప్పుదు? నేను సుత ఏడ్సిన. అండ్ల ఉన్న అంగి కాలవెట్టి దినాలు జేసినం. ఆరేండ్లకు ఆ దినం కడుపు నిండ తిన్న బిడ్డా. పాపం తాకుతదా నాకు?"

రామచంద్రరావుకి కళ్ళ నీళ్ళు తిరిగాయి. "మీకెందుకు తాకుతుందమ్మా," అన్నాడు. నాకు తాకింది అనబోయి మింగేశాడు.

"టిఫిన్ మాత్రం వాడలే. తోమి, బట్ట జుట్టి పైన పెట్టిన. ఎన్నడన్న ఆమె అడుగుతదని. పంపుత, ఏ జిల్లానో చెప్పు."

"జగిత్యాల," అన్నాడు. ఇంకోసారి, గట్టిగా, "జగిత్యాల జిల్లా అమ్మా," అన్నాడు. లైనులో ఉన్నవాళ్ళంతా ఆయన వైపు చూశారు. చివర ఉన్నవాడు హెల్మెట్ తల మీద పెట్టుకున్నాడు, వెనక్కి తిరిగి ఎండలోకి నడిచి వెళ్ళిపోయాడు.

"అది జూస్తే ఆమె ఏడుస్తది. ఏడ్వనీ," అంది భూమవ్వ. "ఏడ్వకుంట ఉండుడు ఎట్లుంటదో నన్నడుగు." ఆగి, మెల్లగా అంది. "సారూ, మరి మా వాని పెట్టె ఏ జిల్లాకు పోయింది? నీ తాన రాసి ఉంటది గద, జర చూడు."

ఫోన్ చెవి దగ్గర పెట్టుకునే ఆయన కంప్యూటర్‌లో పాత పట్టీ తెరిచాడు. రెండేళ్ళ పెట్టెలు. పోచంపాడు, కొత్తపల్లి, రాంపూర్, మళ్ళీ రాంపూర్. పేజీలు కిందికి కదులుతున్నకొద్దీ నాలుగో లైను ఖాళీ, ఖాళీ, ఖాళీ. అన్నీ తను చేత్తో తుడిచినవే. అంతకు ముందువి ఎవరు తుడిచారో తెలియదు. అవతల ముసలమ్మ ఫోన్ పెట్టెయ్యలేదు. ఆవిడ ఊపిరి వినబడుతోంది.

తలెత్తాడు. లైను చివర ఇంకెవరో నిలబడి ఉన్నాడు. ఈ ముఖం ఆయనెప్పుడూ చూడలేదు. దీనికి జిరాక్సు కూడా లేదు.

రామచంద్రరావు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"ఏ జిల్లా బాబూ?" అని అడిగాడు.