ఉల్లిగడ్డ దొర్లిన ఇల్లు

మా ఆయన పేరు నర్సన్న. మొగుణ్ణి పేరు పెట్టి పిలవకూడదని మా అమ్మ చెప్పింది గానీ, ఆయన చేసిన ఘనకార్యాలు చెప్పేటప్పుడు పేరు దాచిపెడితే అవి ఇంకెవరి నెత్తినో పడతాయి. అందుకే చెబుతున్నాను.

కర్దనూర్‌లో మాకు రెండెకరాల పొలం ఉండేది. మధ్యలో ఇంటంత బావి, పక్కనే మోటారు, మోటారుకో కరెంటు స్తంభం. 2005లో వెంచర్ కంపెనీ వాళ్లు వచ్చి ఎకరానికి పన్నెండు లక్షలంటే నర్సన్న మారుమాట లేకుండా సంతకం పెట్టాడు. ఆ డబ్బుతో ఆడపడుచు వాటా ఇచ్చాం, పాత బాకీలు తీర్చాం. నర్సన్న ఒక సెకండ్ హ్యాండ్ కారు కొన్నాడు. ఆయనకు కారు నడపడం రాదు. పటాన్‌చెరులో వాల్వుల ఫ్యాక్టరీలో ఫిట్టర్ పని, రోజూ పోయేది సైకిల్ మీద. కారు రెండేళ్లు వాకిట్లో నిలబడి కోళ్లకు నీడనిచ్చింది.

భూమి రాసిచ్చాక బావి పూడ్చే పని కూడా కంపెనీ వాళ్లు ఆయనకే అప్పజెప్పారు. గట్టి ఎర్రమట్టి, అదే మొరం, పోసి పూడ్చాలని, లారీకి ఇంతని మాట్లాడుకున్నారు. మొరం కావాలంటే కొనాలి. అదే ఫ్యాక్టరీల్లో మిగిలిన బాయిలర్ బూడిదైతే, పారబోసే చోటు చూపిస్తే వాళ్లే ఎదురు డబ్బులిస్తారు. నర్సన్న రెండు వైపులా చెయ్యి చాపాడు. బావినిండా బూడిద పోయించి, పైన నాలుగు లారీల మొరం పరిపించి, కంపెనీకి మొత్తం మొరమేనని చెప్పాడు. ఆ నెలంతా మా ఇంట్లో ఆరేసిన బట్టల మీద బూడిదే, అన్నంలో బూడిదే.

"రేపు గీడ ఎవలన్న ఇల్లు గట్టుకుంటే కుంగిపోదా?" అని అడిగాను.

"కట్టుకున్నోడు సూసుకుంటడు తియ్యి. మనకేంది" అన్నాడు.

రెండేళ్లు తిరిగేసరికి అందరికీ గజాల పిచ్చి పట్టింది. ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో గజం, మంగలి షాపులో గజం, చావింటికి పరామర్శకు పోయినా గజం. ఈ వారం గజం ఎనిమిది వేలంటే వచ్చే వారం తొమ్మిది. జీవితంలో నాగలి పట్టనివాళ్లు కూడా భూమి గురించి మాట్లాడుతుంటే, రెండెకరాలు అమ్ముకున్నవాడికి నిద్ర ఎలా పడుతుంది? ఒకరోజు నర్సన్న వచ్చి, మన పొలంలో కట్టిన ఇళ్లలో ఒకటి మనమే కొందామన్నాడు.

"అది మన పొలం గాదు. అమ్ముకున్నం" అన్నాను.

"అందుకే కొందామంటున్న. రేపు ముప్పై లచ్చలయితది, ఎల్లుండి నలభై అయితది. నీకేం తెల్సే."

నూట యాభై గజాల ముక్క, మీద రెండు గదుల ఇల్లు. ధర ఇరవై నాలుగు లక్షలు. రెండెకరాలు అమ్మితే వచ్చిన మొత్తమూ ఇరవై నాలుగే. మిగిలిన తొమ్మిది లక్షలు కట్టి, పదిహేను లక్షలు పదిహేనేళ్ల గడువుకు బ్యాంకులో అప్పు తీశాం. నేను మందుల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పని చేస్తాను, నా జీతం కూడా చూపించి నాతోనూ సంతకం పెట్టించారు. అప్పిచ్చే రోజు బ్యాంకు ఆఫీసరు మాకు టీ తెప్పించాడు. పదిహేనేళ్లలో ఆ ఒక్క టీయే ఉచితమని అప్పుడు నాకు తెలియదు.

ఇల్లు ఎంచుకోవడంలో నర్సన్న చూపిన తెలివి చెప్పి తీరాలి. బూడిద పోసింది తనే కదా, బావి మీది ప్లాటు తప్పించుకోవాలి. కానీ ఒడ్లు లేవు, చెట్లు లేవు, డోజర్లు అన్నీ చదును చేసి రోడ్లేశాయి. మిగిలిన గుర్తల్లా మోటారు కాడి కరెంటు స్తంభం ఒక్కటే. నర్సన్న ఆ స్తంభం నుంచి అడుగులు కొలుచుకుంటూ పోయి, బావి ఎక్కడుండేదో లెక్క తేల్చుకుని, దానికి మూడు ప్లాట్ల అవతల నలభై ఏడో నంబర్ ప్లాటు మీద చెయ్యి పెట్టాడు. "ఇది మన సెలక భూమి, రాయి లెక్క ఉంటది" అని నాతో గుసగుసలాడాడు. బావి మీది ఇల్లు ఎవడో పట్నంవాడు కొనుక్కుంటాడని లోలోపల మురిసిపోయాడు కూడా.

2008 మొదట్లో ఆ ఇంట్లో చేరాం. ఊళ్లో ఉన్న పెంకుటిల్లు బీహార్ నుంచి వచ్చిన ఫ్యాక్టరీ కూలీలకు కిరాయికి ఇచ్చి, ఆ కిరాయి కూడా నెలనెలా కట్టే బ్యాంకు కంతులో కలిపాం. మొదటి వానలకే పడకగది గోడ మెట్లు మెట్లుగా పగిలింది. తలుపు మూసుకోవడం మానేసింది. వానలు తగ్గేసరికి హాల్లో ఉల్లిగడ్డ కింద పడితే దానంతట అదే దొర్లుకుంటూ పడమటి గోడ దాకా పోతోంది. నేను కూరగాయలు తరుక్కుంటూ రోజూ ఈ తమాషా చూసేదాన్ని.

దసరా ముందు మీటరు చూడడానికి వచ్చిన లైన్‌మెన్ పెద్దరాములు అసలు సంగతి చెప్పాడు. "నీ మోటరు కాడి స్తంభమా? దాన్ని రోడ్లేసేటప్పుడే జరిపినం గదనే అన్నా. రోడ్డు నడుమ పడుతుందని కంపెనోళ్లు పైసలు గట్టి అవతలికి జరిపిచ్చుకున్నరు."

నర్సన్న నోట్లోని పాన్ నమలడం ఆపేశాడు. స్తంభంతో పాటు ఆయన కొలతా జరిగిపోయింది, తప్పించుకున్నాననుకున్న బావి మీదే మేం కాపురం పెట్టాం. నాకు నవ్వు ఆగలేదు. ఏడవాల్సిన చోట నవ్వుతున్నానని తెలుసు, అయినా ఆగలేదు. పునాది తవ్విన మేస్త్రీకి బూడిద కనబడే ఉంటుంది. వాడూ నర్సన్న లాంటివాడే అయ్యుంటాడు, కట్టుకున్నవాడు చూసుకుంటాడనుకుని ఉంటాడు.

ఆ తర్వాత కొన్నాళ్లకే రేట్లు కూలాయి. అమెరికాలో ఏదో బ్యాంకు మునిగిందట, దానికి కర్దనూర్‌లో గజం ధర సగమైంది. నర్సన్న ఫ్యాక్టరీకి ఆర్డర్లు లేవని ఓవర్‌టైమ్ తీసేశారు. బ్యాంకు వాళ్లు మాత్రం వడ్డీ పెరిగిందని కంతు పెంచారు. 2009 వానాకాలానికి లెక్క ఇదీ: ఇంటికి పదమూడు లక్షల పైన ఇస్తామనేవాడు లేడు, బ్యాంకుకు ఇంకా పద్నాలుగున్నర ఉంది. ఇల్లు అమ్మినా అప్పు మిగులుతుంది. టీ తెప్పించిన ఆఫీసరు ఇప్పుడు కూర్చోమని కూడా అనడం లేదు. నర్సన్న మాత్రం ప్రతి ఆదివారం వెంచర్ ఆఫీసుకు పోయి, "రేట్లు లేస్తయట" అని కొత్త కబురు తెచ్చేవాడు. ఆ మొహం చూస్తే నాకు అన్నం సయించేది కాదు.

అలాంటప్పుడు బాపిరాజు గారు వచ్చారు. గోదావరి వైపు మనిషి. ఇక్కడి సర్కారు ప్లాంటులో ముప్పై రెండేళ్లు పనిచేసి వచ్చే నెల రిటైరవుతున్నారు, క్వార్టర్ ఖాళీ చేయాలి. చేతిలో ప్రావిడెంట్ ఫండ్ డబ్బుంది. ఇల్లు బయటి నుంచి చూసే పదిహేను లక్షలకు ఒప్పుకున్నారు. పదిహేనంటే బ్యాంకు అప్పు మొత్తం తీరిపోతుంది. చేతికి పెద్దగా ఏమీ మిగలకపోయినా, ఊళ్లో మా పెంకుటింటికి పోయి కాళ్లు చాపుకుని పడుకోవచ్చు. ఆ వారం రోజులూ నాకు వేరే ఆలోచన లేదు.

భార్యను తీసుకుని ఆదివారం వస్తామన్నారు. నేను శనివారం పనికి సెలవు పెట్టాను. పగుళ్లలో తెల్ల సిమెంటు కూరి, రంగు వేసి, పడకగదిలో పెద్ద పగులు మీద బారెడు క్యాలెండర్ తగిలించాను. హాల్లో కుంగిన చోటికి దివాన్ లాగించాను. తలుపు అంచు చిత్రిక పట్టించి మూసుకునేలా చేయించాను. నర్సన్నతో ఒకటే చెప్పాను: "నువ్వు నోరు తెరవకు. నోరు తెరిస్తే గొప్పలకు వోతవు, అన్నీ బయటవడ్తయి."

బాపిరాజు గారి భార్య వెంకటరమణమ్మ గారు ఇల్లంతా తిరిగి వంటగది బాగుందన్నారు. టీ ఇచ్చాను. బాపిరాజు గారు సంచిలోంచి కవరు తీసి ఒళ్లో పెట్టుకున్నారు.

"చూడండి నర్సన్న గారూ, నేను ఇంజనీర్లనీ వాళ్లనీ పిలవనండి. మెషీన్ల దగ్గర బతికినవాణ్ణి, మట్టి సంగతి నాకు తెలీదు. మీరు ఈ నేల దున్నినవారు. గట్టి నేలేనా అండి? మీరో మాట చెబితే అడ్వాన్సు ఇచ్చేస్తాను."

నర్సన్న తల వంచుకున్నాడు. నేను ఆగలేదు.

"రాయి లెక్క ఉంటది సారూ. మా మామ కాలం నుంచి ఎరుకే మాకు" అన్నాను.

నర్సన్న లేచి వంటగదిలోకి పోయాడు. మంచినీళ్లు తెస్తాడనుకున్నాను. ఉల్లిగడ్డ తెచ్చాడు. గుమ్మం దగ్గర వంగి దాన్ని నేల మీద పెట్టి చెయ్యి తీశాడు. అది కాసేపు ఆలోచించినట్టు ఆగి, మెల్లగా కదిలి, వేగం అందుకుని, దివాన్ కిందికి దూరి పడమటి గోడకు కొట్టుకుంది. నర్సన్న పడకగదిలోకి పోయి క్యాలెండర్ తీసుకొచ్చి నా పక్కన పెట్టాడు.

"గీడ బావి ఉండె సారూ. నేనే పూడ్చిన. మొరమని జెప్పి బూడిద వోసిన" అన్నాడు.

బాపిరాజు గారు టీ చివరిదాకా తాగి, కవరు సంచిలో పెట్టుకుని, "మంచిదండి, చెప్పారు" అని లేచారు. వెంకటరమణమ్మ గారు చెప్పులేసుకుంటూ వెనక్కి తిరిగి చూశారు. బూడిద పోసిన మనిషిని చూస్తారనుకున్నాను. ఆమె నన్ను చూశారు. ఇన్నేళ్లుగా నేను నర్సన్నను ఎలా చూస్తున్నానో, అచ్చం అలాగే చూశారు.

రేపటికి ప్లాంటు కాలనీ అంతా తెలుస్తుంది. ఈ కాలంలో డబ్బున్నది ఆ రిటైరయ్యేవాళ్ల దగ్గరే. ఇక ఈ ఇంటిని చూడడానికి కూడా ఎవరూ రారు.

"పెండ్లయిన కాడికెంచి ఒక్క నిజం జెప్పలే. గిప్పుడే జెప్పాల్నా?" అన్నాను.

"వేరే ఏదడిగినా జెప్తుంటి అబద్ధం" అన్నాడు నర్సన్న. "నేల సంగతి అడిగిండు. నోరు రాలే."

ఆయన దివాన్ కింద చెయ్యి పెట్టి ఉల్లిగడ్డను వెతికి తీసి, తుడిచి, బుట్టలో వేశాడు. క్యాలెండర్ నా పక్కనే ఉంది. దాన్ని తగిలించిన మేకు కొట్టింది నేను.

బ్యాంకుకు ఇంకా పదమూడేళ్లు కట్టాలి. అన్నేళ్లూ ఈ మనిషిని తిట్టుకుంటూ కట్టేస్తాననుకున్నాను, అదొక్కటే నాకున్న సుఖం. ఆ రాత్రి అన్నం వడ్డిస్తూ తిడదామని నోరు తెరిచాను. నాకూ నోరు రాలేదు.