నాచురంగు మరక

రొయ్య తల తుంచి, ఒళ్లు ఒక్కసారి వెలుగుకి తిప్పి, బాగున్నదాన్ని కుడి ట్రేలోకి, రంగు తేడా ఉన్నదాన్ని ఎడమ ట్రేలోకి వేస్తోంది పెద్దింట్లమ్మ. కన్ను చెప్పేలోపే చెయ్యి కదిలిపోతుంది. ఆకివీడు శివారులోని ఆ రొయ్యల షెడ్డులో చేరినప్పటినుంచీ ఆమె పగళ్లన్నీ ఈ రెండు ట్రేల మధ్యే గడిచాయి. ఐసునీళ్లకి వేలికొసలు తెల్లగా ఉబ్బి ముడతలు పడ్డాయి. ఇంటికెళ్లి కంచం ముందు కూర్చున్నా చాలాసేపు అన్నం వేడి తెలియదు. తలకి ప్లాస్టిక్ టోపీ, మూతికి గుడ్డ, మోకాళ్లు దాటిన ఏప్రాన్, కాళ్లకి తెల్ల రబ్బరు బూట్లు. ఆ వేషంలో వరసలో ఎవరు ఎవరో ఎత్తుని బట్టి పోల్చుకోవాల్సిందే. ఆమె పొట్టీ కాదు, పొడుగూ కాదు.

మధ్యాహ్నం కాసేపు బయటికి వెళ్లాలని పొద్దున్నే సూపర్‌వైజర్ జోగారావుని అడిగింది. సరేలెమ్మన్నాడు.

"ఏంటక్కా, ఇవాళ నీ చుక్కలవాళ్ల మీటింగా?" పక్కన నిలబడ్డ మహమూదా మూతిగుడ్డ వెనక నవ్వింది. "మీ ఆయనేమంటాడు?"

"ఆయన రీల్స్ ఆయన చూస్తాడు. నా ఆకాశం నేను చూస్తాను. గొడవేముంది?"

ఆ ఆకాశం చూసే పని కూతురి బళ్లో మొదలైంది. సైన్సు టీచరు జ్యోత్స్న పిల్లలకి ఒక వెబ్‌సైటు చూపించింది. పెద్ద టెలిస్కోపు ఆకాశాన్ని వరసగా తీసుకుంటూ పోయిన ఫోటోలు. వాటిలో గెలాక్సీలు ఏ ఆకారంలో ఉన్నాయో, ఎక్కడైనా రంగు వింతగా ఉందేమో చూసి గుర్తు పెట్టాలి. ఎవరైనా పెట్టొచ్చు. కూతురు నాలుగు రోజులకే విసుగెత్తి వదిలేసింది. తల్లి వదల్లేదు. నల్లటి తెరమీద పసుపు, తెలుపు, లేతనీలం మరకలు ఒకదాని తర్వాత ఒకటి వచ్చేవి. ఇంగ్లీషు మాటల్ని ఫోనే వంకరటింకర తెలుగులోకి మార్చేది.

మొదట్లోనే ఒక పొరపాటు జరిగిపోయింది. ఒక పసుపు గెలాక్సీ పక్కన, చెరువునీటిమీద తేలే నాచులాంటి పచ్చటి మరక కనబడింది. ఆమె బొటనవేలు దాన్ని టక్కున 'కెమెరా లోపం'లోకి తోసేసింది. షెడ్డు అలవాటు మరి. రంగు తేడా అంటే ఎడమ ట్రేయే. తర్వాత చూసిన ఇద్దరు ముగ్గురూ అదే గుర్తు పెట్టారు. మరక పరిశీలించాల్సినవాటి జాబితాలోంచి పోయింది. అలాంటి వింతరంగువే వాళ్లు వెతికేదని కొన్నాళ్లకి అర్థమయ్యాక ఆమెకి ముద్ద దిగలేదు. మళ్లీ చూడమని ఆ వెబ్‌సైటువాళ్లకి రాసింది. ఇవాళ ఫోనులో జరిగే మీటింగులో తేలుస్తామన్నారు. అడిగినవాళ్లు రాకపోతే ఆ విషయం అక్కడితో మూసేస్తారు.

కొల్లేట్లో సర్కారు చేపలచెరువుల గట్లు తెంచిన ఏడాది, సరిగ్గా తమ చెరువు వంతు వచ్చిన రోజే, ఆమె తండ్రి ముదినేపల్లిలో పెళ్లికి వెళ్లాడు. తిరిగొచ్చేసరికి చెరువు లేదు, అంతా ఒకటే నీరు. చెరువు పోయిందని ఆయన ఏడవలేదు. "నేనుండగా తెంచాల్సింది. ఒక్క మాటైనా అడిగేవాణ్ణి" అనేవాడు. పోయేదాకా అదే మాట.

అన్నాలు తిని మళ్లీ వరసలో నిలబడగానే లారీ వచ్చింది. పెట్టెలు దింపుతుంటే జోగారావు చప్పట్లు కొట్టాడు. "ఇవాళ ఎవరూ కదలడానికి లేదు. ఐసు కరిగిపోతోంది."

"పొద్దున్న సరేనన్నారు కదండీ" అంది పెద్దింట్లమ్మ.

"పొద్దున్న లారీ లేదు కదమ్మా. ఏంటంత పని? ఆసుపత్రా?"

"కాదండి. ఆకాశంలో ఒక మరకుందండి. దాన్ని కొట్టేస్తున్నారు. నేనుండాలండి."

వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. జోగారావు నవ్వలేదు. "ఆ మరక నీకు కూడు పెడుతుందా?"

"పెట్టదండి."

"అయితే పని చూసుకో. గేటు దాటితే రేపటినుంచి రానక్కర్లేదు."

ఆమె చేతిలోని రొయ్యని వెలుగుకి తిప్పి చూసింది. బాగానే ఉంది. కుడి ట్రేలో వేసింది.

"మీరు రావద్దంటే రానండి. ఇప్పుడు మాత్రం వెళ్తానండి."

"పిచ్చా అక్కా నీకు?" అని గొణిగింది మహమూదా. పెద్దింట్లమ్మ నాలుగడుగులు వేశాక గొంతు పెంచింది. "ఏం తేలిందో నాకూ ఫోన్ చేసి చెప్పు."

గేటుగదిలో పెట్టిన ఫోను తీసుకుని గోడనీడన నిలబడింది. మీటింగులో అన్నీ ఇంగ్లీషు గొంతులు. ఏలూరు కాలేజీలో పాఠాలు చెప్పే హర్షవర్ధన్ ఒక్కడే ఆమె మాట వాళ్లకీ, వాళ్ల మాట ఆమెకీ అందిస్తున్నాడు.

"కెమెరా లోపమే అయ్యుండొచ్చంటున్నారండి. నాకూ అలాగే అనిపిస్తోంది."

"అయ్యుండొచ్చండి. నేనూ అలాగే పక్కన పడేశాను, సరిగ్గా చూడకుండా. ఇంకో టెలిస్కోపు తీసిన ఫోటోలో చూశారా అండి?"

"ఇంకా లేదండి."

"అయితే చూసి కొట్టేయమనండి. చూడకుండా కొట్టేస్తే నేనొప్పుకోనండి. వచ్చే మీటింగుకీ వస్తాను, ఆ తర్వాతదానికీ వస్తాను. ఇదే అడుగుతాను."

అటువైపు కాసేపు ఇంగ్లీషు నడిచింది. ఎవరో నవ్వారు, అందులో వెక్కిరింపు లేదు.

"సరేనంటున్నారండి. తిరిగి జాబితాలో పెట్టారు. వేరే ఫోటోతో పోల్చి చూస్తారట. లోపమని తేలితే ఆ మాట మీకే ముందు చెబుతారట."

"అదే కావాలండి."

లోపల ట్రేల చప్పుడు ఆగకుండా వినిపిస్తోంది. ఆమె చోట ఈపాటికి ఇంకెవరో నిలబడి ఉంటారు. ఈ రోడ్డుమీద షెడ్లు ఇంకా ఉన్నాయి. రేపు వాటి గేట్ల దగ్గర అడగాలి. ఏప్రాన్ విప్పి, మడతపెట్టి వాచ్‌మన్ చేతికిచ్చింది. చెప్పులు తొడుక్కుని ఆటోల వైపు నడిచింది. వెనక్కి చూడలేదు.

గేటు మెట్టుమీద ఆమె విడిచిన తెల్ల రబ్బరు బూట్లు, మొనలు రోడ్డువైపు పెట్టి, జంటగా నిలబడి ఉన్నాయి. ఒకదానిలోకి కారిన ఐసునీళ్లు ఇంకా పూర్తిగా ఆరలేదు.