సారాయి అడిగిన సమాధి

దండుమిట్ట మీద తెల్లదొరల సమాధులు నలభై మూడు ఉన్నాయి. కుంఫిణీ కాలంలో అక్కడ దండు దిగిందట. జ్వరాలతో పోయినవాళ్ళను అక్కడే పూడ్చి, చుట్టూ గోడ కట్టారు. చిత్తూరు నుంచి తిరుపతి పోయే బస్సులో కూర్చున్నవాళ్ళకు అది ఉత్త గోడ. మిట్ట కింద ఊరివాళ్ళకు మాత్రం దొర ఉండే చోటు.

ఆ సమాధుల తోటకు పందొమ్మిదేళ్ళు కాపలా కాసిన కుప్పుస్వామి మాఘమాసంలో చనిపోయాడు. గేటు పక్కనున్న ఒంటిగది, ఒక చీపురు, ఒక కొడవలి భార్య చెంగమ్మకు మిగిలాయి. ఊడవమని ఆమెకు ఎవరూ చెప్పలేదు, వద్దనీ అనలేదు. రోజూ ఊడుస్తూనే ఉంది. వైశాఖంలో మద్రాసు సమాధుల కమిటీ గుమాస్తా బాలసుబ్రమణ్యం వచ్చాడు. బస్సు దిగి, దేవరాజులు ఎద్దులబండి ఎక్కి, గొడుగు పట్టుకుని వచ్చాడు.

"చెంగమ్మా, నీ మీద నాకేం కోపం లేదు. మద్రాసు వాళ్ళ మాట చెప్తా ఉండాను," అన్నాడు గేటు దాటకుండానే. "జనం వచ్చిపోయే చోటికే కదా కాపలా? ఈడ దయ్యమని ఈ దోవనే ఎవురూ నడవరంట. గేటుకు బీగం వేసి, గది పడగొట్టెయ్యమంటా ఉండారు."

"నేను యాడికి పోను సారూ?"

బాలసుబ్రమణ్యం చెడ్డవాడు కాదు. గొడుగు ఒక భుజం మీది నుంచి ఇంకో భుజానికి మార్చుకున్నాడు. "వచ్చే నెల మొదటి సోమవారం మళ్ళా వస్తా. ఆ పొద్దు మిట్టమధ్యాహ్నం ఈ గేట్లో ఊరిజనం నడిచేది నా కంటితో సూసినానంటే కాపలాకు నీ పేరే రాస్తా. లేకుంటే బీగమే."

మధ్యాహ్నమే ఎందుకంటే, దొర ఊళ వేసేది ఆ వేళకే. సూర్యుడు నడినెత్తికి వచ్చి, కొండ సందులో నుంచి గాలి లేచేసరికి తోటలో 'ఊ... ఊ...' అని మొదలయ్యేది. ఒక గొంతు కాదు, పది గొంతులు. శెనక్కాయ చేలకు పోయేవాళ్ళు తోటలోని అడ్డదోవ మానేసి మిట్ట చుట్టూ తిరిగిపోయేవారు.

దీనికి మూలం దేవరాజులే. మూడేళ్ళ కిందట గోడ పక్కన అతని బండి ఇరుసు విరిగింది. పెద్ద సమాధిలో ఉన్న కెప్టెన్ దొరకు కోపం వచ్చిందనుకుని, ఒక సీసా సారాయి తెచ్చి రాతి మీద పోసి, రెండు చుట్టలు పెట్టి దండం పెట్టుకున్నాడు. ఆ వారమే అతని ఆవు కోడెదూడను ఈనింది. ఇక చూసుకో! ఆవు తప్పిపోయినా సీసా, జ్వరం వచ్చినా సీసా. పోసిన సీసాను ఇంటికి తీసుకుపోకూడదు, అది చచ్చినవాడి వాటా. పడేయకూడదు, మర్యాద కాదు. అందుకని గోడ మీద వరసగా నిలబెట్టేవారు. ఇంతగా పెడుతున్నా దొర మాత్రం ఏటికేడాది మరింత గట్టిగా ఊళ వేస్తున్నాడు.

"చాలడం లేదంట దొరకు," అనేవాడు దేవరాజులు.

ఊళ మొదలైనప్పటి నుంచి కుప్పుస్వామి మధ్యాహ్నం కాగానే గది తలుపు మూసుకుని పడుకునేవాడు. చెంగమ్మా అంతే. ఇప్పుడు తలుపు మూసుకుంటే గదే మిగలదు. మరునాడు గాలి లేవగానే కొంగు నడుముకు దోపుకుని బయటికి వచ్చింది. "నీ తోటను ఇన్నేళ్ళు ఊడ్సినాము, నన్నేం సెయ్యొద్దు నాయనా," అని పెద్ద సమాధికి చెప్పుకుని, రాతికి చెవి పెట్టింది. రాయి కాలింది గాని అరవలేదు. పక్క సమాధికి చెవి పెట్టింది. అదీ మౌనంగానే ఉంది. ఊళ మాత్రం ఆగలేదు. ధ్వని పట్టుకుని నడిస్తే గోడ దగ్గర తేలింది.

గోడ మీద సీసాలు నోళ్ళు తెరుచుకుని నిలబడి ఉన్నాయి. గాలి ఒక్కో నోటి మీదుగా పోతోంది. చెంగమ్మ ఒక సీసా మూతి మీద అరచేయి పెట్టింది. ఒక గొంతు ఆగింది. చేయి తీసింది. మళ్ళీ 'ఊ' అంది. ఇంకో సీసా మూసింది, తీసింది. నాలుగైదు సార్లు అలా చేసి, ఒంటరిగా ఆ సమాధుల మధ్య పకపకా నవ్వింది. మగడు పోయాక ఆమె నవ్వడం అదే మొదలు.

సాయంత్రానికల్లా నూట పన్నెండు సీసాలనూ బోర్లించి, ఊళ్ళోకి పోయి చెప్పింది. ఎవరూ నవ్వలేదు.

"దొర నోరు మూసేసినావా మ్మే!" అన్నాడు దేవరాజులు. "ఇన్ని దినాలు అరిసి అడిగినాడు. ఇంక అరవకుండానే కీడు సేస్తాడు, సూస్తా ఉండు."

"అది దొర కాదన్నా, గాలి!"

"గాలయితే సీసా లేని గోడ మీద ఎందుకు అరవదు?"

"సీసా ఉంటేనే గదా అరిసేది!"

"అదే నేనూ సెప్పేది," అన్నాడతను, గెలిచినవాడిలా.

ఆ మరునాటి నుంచి ఊళ లేదు. జనానికి ఊళ కంటే ఆ నిశ్శబ్దమే ఎక్కువ భయమైంది. సోమవారం దగ్గర పడుతోంది. భయం పోవాలంటే లోపల పడుకున్నది ఎవరో తెలియాలి అనిపించింది చెంగమ్మకు. మూడేళ్ళ సారాయి, నూనె, పసుపు, చుట్టల మసి పేరుకుపోయి పెద్ద సమాధి మీది అక్షరాలు కనిపించడం లేదు. చింతపండు నానబెట్టి, బూడిద కలిపి, కొబ్బరిపీచుతో రుద్దడం మొదలుపెట్టింది. ఆరు రోజులు పట్టింది. మొదట ఒక డోలు బొమ్మ, దాని కింద ఇంగ్లీషు గీతలు తేలాయి. వాటిని వేలితో తడిమి చూసింది. ఏమీ తెలియలేదు.

సోమవారం పన్నెండు దాటాక బాలసుబ్రమణ్యం దేవరాజులు బండి దిగాడు. దోవ ఖాళీగా ఉంది. అరగంట చూసి, నిట్టూర్చి, సంచిలో నుంచి కాగితం, కొత్త బీగం తీశాడు.

"బీగం వేద్దురుగాని సారూ. దానికి ముందు ఈ రాయి సదివి పోండి. ఎవురికి కాపలా ఉన్నామో మా ఆయనకూ తెలీలా."

గుమాస్తా కళ్ళజోడు పెట్టుకుని వంగాడు. బండి దగ్గర నిలబడ్డ దేవరాజులు కూడా గోడ మీదుగా మెడ సాచాడు.

"ఎలీజా," అని చదివాడు బాలసుబ్రమణ్యం. "దండులో డోలు కొట్టే సిపాయి థామసు కూతురు. వయసు..." ఆగి, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాడు. "మూడేండ్ల రెండు నెలలు. జ్వరంతో పోయింది. పటాలమంతా కూడి ఈ రాయి నిలబెట్టినారంట."

"కెప్టెను?" అన్నాడు దేవరాజులు.

"కెప్టెనూ లేడు, గిప్టెనూ లేడు. పసిబిడ్డ."

దేవరాజులు తలగుడ్డ తీసేశాడు. "అయ్యో దేవుడా! పాలు తాగే బిడ్డకు సారాయి పోసినానా నేను! సుట్టలు పెట్టినానా!" అంటూ బండి, ఎద్దులు, గుమాస్తా అన్నీ అక్కడే వదిలేసి ఊళ్ళోకి పరుగెత్తాడు.

బాలసుబ్రమణ్యం చేతిలో బీగం చేతిలోనే ఉంది. "పారిపోయినాడే! నేను బస్సుకు ఎట్ట పొయ్యేది?"

"వస్తాడు సారూ, కూర్సోండి," అంది చెంగమ్మ. వస్తాడో రాడో ఆమెకూ తెలియదు.

ముందు వచ్చింది అతని భార్య చంద్రకాంతమ్మ. గ్లాసెడు పాలు కొంగుతో కప్పి పట్టుకుని, ఎర్రటి ఎండలో, గేటు దగ్గర ఒక్క క్షణం ఆగి, లోపలికి అడుగుపెట్టింది. వెనక దేవరాజులు, దోసిట్లో బొరుగులు, బెల్లం. వాళ్ళ వెనక ఊళ్ళో ఆడవాళ్ళు, ఒకరు గాజులు పట్టుకుని, ఒకరు ఊరికే చూద్దామని.

"ఏం వదినా, ముందే సెప్పకూడదా బిడ్డ అని?" అంది చంద్రకాంతమ్మ, పాలు రాతి పక్కన పెడుతూ. "తల్లి లేని బిడ్డ, యాడో దూరదేశంలో, ఒంటిగా ఉండాదే పాపం. మా ఆయన బుద్ధి సూడు, సారాయంట!"

"తిట్టకే, నేనే తిట్టుకుంటా ఉండాను," అన్నాడు దేవరాజులు.

వచ్చినవాళ్ళలో ముగ్గురు వెనక్కి పోలేదు. చేలో మగవాళ్ళకు సద్ది అందించాలి. ఎలాగూ లోపలికి వచ్చాం గదా అనుకుని, తోటలోని అడ్డదోవన సమాధుల మధ్యగా అవతలి గేటు దాటిపోయారు. వాళ్ళు కనుమరుగయ్యేదాకా గుమాస్తా చూస్తూ నిలబడ్డాడు. తరువాత బీగం సంచిలో వేసుకుని, గోడ మీద కాగితం పెట్టి కాపలాదారు దగ్గర చెంగమ్మ పేరు రాశాడు.

"ఇంకేమన్నా అడగాల్నా మద్రాసు వాళ్ళను?"

చెంగమ్మ సమాధి చుట్టూ నేల మీద కూర్చున్న ఆడవాళ్ళను చూసింది. "ఈడొక తిన్నె కట్టించమనండి సారూ. నేల కాలతా ఉండాది."