తలకిందుల బేస్

నా దుకాణానికి వచ్చేవాళ్లు ముందు గోడకు వేలాడే బేస్ గిటార్లను చూస్తారు. నేను ముందు వాళ్ల చేతులు చూస్తాను. మెత్తటి చేతికి నున్నటి తీగలు ఇస్తాను, ఇటుకలు మోసి కాయలు కాసిన చేతికి గరుకు స్టీలు తీగలు ఇస్తాను. వాడిన తీగలను నీళ్లలో మరిగించి, తుడిచి, కొత్తవని అంటగట్టే పెద్దమనుషులు జావాలోని మా కెదిరి ఊరి బజారులో ఇద్దరున్నారు. నా దగ్గర గిన్నెలో మరిగేవి కాఫీ నీళ్లే. రొమ్లా అంటే నేనే. రొమ్లాకు నోరెక్కువని ఊళ్లో ఒక పేరుంది. దాన్ని నేను కష్టపడి సంపాదించుకున్నాను, ఊరికే రాలేదు.

ఆ సోమవారం వెనింగ్ అనే పిల్ల వచ్చింది. ఇరవై రెండేళ్లుంటాయి. లవంగం కలిపే సిగరెట్ల కంపెనీలో చుట్టే పని చేస్తుందట, వేళ్ల నుంచి లవంగాల వాసన వస్తోంది. కస్మూరి నడిపే దంగ్‌దుట్ పాటల బృందంలో బేస్ వాయించేవాడు సురబయా వెళ్లిపోయాడని, సొంత బేస్ తెచ్చుకుని గురువారం మధ్యాహ్నం వచ్చి వాయించి చూపించమన్నారని చెప్పింది. పెళ్లిళ్ల నెల దగ్గరపడింది. కస్మూరి తీసుకుంటే ఆ నెలంతా వేదికల మీదే ఉంటుంది, సిగరెట్లు చుట్టడం మానేస్తుంది. తీసుకోకపోతే జీవితాంతం ఆ బల్ల ముందే కూర్చోవాలి. ఈ సంగతి చెప్పేటప్పుడు ఆమె నా వైపు చూడలేదు, గోడ వైపు చూసింది.

జపాను నుంచి వచ్చిన ఒక పాత నాలుగు తీగల బేస్ దించి ఇచ్చాను. ఆమె దాన్ని ఒడిలో పెట్టుకుని అటుదిటు తిప్పేసింది. మెడను కుడిచేత్తో పట్టుకుని ఎడమ చేతిని తీగల మీద ఆనించింది.

పుర్రచెయ్యి! నాదీ పుర్రచెయ్యే. అయితే మా అమ్మ దాన్ని బతకనివ్వలేదు. అన్నం దగ్గరా, రాత దగ్గరా, చదువు దగ్గరా ఆ చేతిని పాత బట్టతో నా నడుముకు కట్టేసేది. పందొమ్మిదో ఏట ఆడవాళ్ల కసీదా భక్తిపాటల బృందంలో చేరితే, బృందం పెద్దావిడ బేస్ ఇచ్చి కుడిచేత్తో వాయించమంది. అలాగే అన్నాను. పద్దెనిమిదేళ్లు వాయించాను. తప్పు వాయించానని ఎవరూ అనలేదు, బాగా వాయించానని కూడా ఎవరూ అనలేదు. నా చెయ్యి నాకుంటే ఎలా వాయించేదాన్నో ఇప్పటికీ నాకు తెలియదు. అది తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

అందుకని ఆ పిల్లను చూడగానే నాకు పూనకం వచ్చినట్టయింది. ఆమె వాయించబోతుంటే ఆగమన్నాను. దీన్ని అచ్చమైన ఎడమచేతి బేస్‌గా మార్చి ఇస్తాను, రేపు రమ్మని పంపేశాను. కుడిచేతి బేస్‌ను తిప్పి పట్టుకుంటే లావు తీగ నేల వైపుకు, సన్న తీగ పైకి పోతాయి. వాటిని సరిచేయాలంటే తీగల వరస మార్చాలి. వరస మార్చాలంటే మెడ చివర అవి ఆనే ఎముక ముక్క మార్చాలి, లావు తీగ సన్న గాడిలో పట్టదు కదా. పాత ముక్కను ఊడగొడితే రెండుగా విరిగింది. పోతే పోయిందనుకుని గేదె ఎముకలో కొత్త గాళ్లు కోసి, తీగలు బిగించి, మంగళవారం సాయంత్రం ఆమె చేతిలో పెట్టి, మెప్పుకోసం ఎదురుచూస్తూ నిలబడ్డాను.

ఆమె వాయించింది. ఒక స్వరం సరిగ్గా పడలేదు. మళ్లీ మొదలుపెట్టింది. వేళ్లు ఒక తీగ కోసం వెళ్తాయి, అక్కడ ఇంకో తీగ ఉంటుంది. ఇల్లు మారిన మొదటి రోజున చీకట్లో స్విచ్చి వెతుక్కునే మనిషిలా ఉంది. పది నిమిషాలు అలా పెనుగులాడింది. నేను ధైర్యం చెబుతూనే ఉన్నాను, అలవాటవుతుందన్నాను. ఆఖరికి చేతులు తీసి ఒళ్లో పెట్టుకుంది.

"పిన్నీ, ఇది నాకు రాదు. మా అన్న బేస్ మీద నేర్చుకున్నా. తీగలు ముట్టుకుంటే చంపేస్తాననేవాడు, అందుకని ఉన్నది ఉన్నట్టే తిప్పి పట్టుకుని నేర్చుకున్నా. లావు తీగ కిందే ఉండాలి నాకు."

"అలా ఎవరు వాయిస్తారు పిల్లా?"

"నేను వాయిస్తాను. మా అన్నేమో కుడిచేత్తో సరిగ్గా పట్టుకోమనేవాడు. మీరేమో ఎడమచేత్తో సరిగ్గా పట్టుకోమంటున్నారు."

ఆ పిల్ల ఎలా వాయిస్తుందో ఒక్కసారైనా వినకుండానే సరిచేయడానికి పూనుకున్నాను. బట్టతో కట్టలేదు, అంతే తేడా. తప్పు నాదేనని చెప్పి, ఎదురుగా ఉన్న ఇంకో బేస్ తీసి, ఇప్పుడు నీ ఇష్టం వచ్చినట్టు వాయించు, నేను నోరు మూసుకుంటానన్నాను.

అప్పుడు విన్నాను. లావు తీగను ఆమె వేళ్లతో అందుకుని బావిలోంచి చేద లాగినట్టు పైకి లాగుతుంది. మనలాంటివాళ్లం మీటితే బూమ్ అని పరుచుకునే స్వరం ఆమె లాగితే గట్టిగా, పొట్టిగా, కడుపులో గుద్దినట్టు వస్తుంది. దంగ్‌దుట్‌కు కావాల్సింది అదే. నా కుర్చీలో నేను నిటారుగా కూర్చున్నాను.

బుధవారమంతా ఆ జపాను బేస్‌తోనే సరిపోయింది. మళ్లీ ఎముక కోశాను, ఈసారి మునుపటి వరసకు. మామూలు తీగల సెట్టు వేస్తే ఆమె లాగుడుకు లావు తీగ మెడకు కొట్టుకుని గలగలమంటోంది. అందుకని రెండు కొత్త సెట్లు విప్పాను. బరువు సెట్టులోంచి రెండు లావు తీగలు, తేలిక సెట్టులోంచి రెండు సన్నవి తీశాను. సెట్టు విడగొడితే మిగిలినవి ఎవరూ కొనరు. కొనకపోతే పోనీ. ఇంకో చిక్కు ఉంది. తిప్పి పట్టుకుంటే నాబ్‌లు పైకి వస్తాయి, మోచేయి రాసుకుని వాల్యూం దానంతటదే తగ్గిపోతుంది. నాబ్‌లు పీకేసి, లోపలి వైర్లు తిన్నగా కలిపేశాను. పట్టీ తగిలించే మర కూడా రెండో కొమ్ముకు మార్చాను. ఈ భూమ్మీద ఇంకెవరికీ పనికిరాని బేస్ తయారైంది. మళ్లీ అమ్ముకోలేవు, ఆలోచించుకో అని చెబితే, అమ్మనంది.

గురువారం నేనూ వెంట వెళ్లాను. కస్మూరి ఇంటి వాకిట్లో స్పీకర్లు, కీబోర్డు, కెందాంగ్ డోళ్లు పెట్టి ఉన్నాయి. డోళ్ల దగ్గర జారోత్ కూర్చున్నాడు. ఆ బృందాన్ని జనం పిలిచేదే జారోత్ వాయింపు కోసం. వెనింగ్ బేస్ తిప్పి మెడలో వేసుకోగానే కస్మూరి ముఖం మారింది. అయినా వాయించమన్నాడు.

మొదటి పాట సగంలో జారోత్ తలెత్తి చూశాడు. రెండో పాటలో వేగం పెంచి ఆమెను పరుగెత్తించాడు, ఆమె వెనకపడలేదు. కస్మూరి కాస్త శబ్దం తగ్గించమన్నాడు. తగ్గించడానికి దీనికి నాబ్ లేదని ఆమె చాలా మర్యాదగా చెప్పింది. అతను నాబ్‌లు ఉండాల్సిన చిల్లుల వైపు, తర్వాత నా వైపు చూశాడు. నేను ఆకాశం వైపు చూశాను.

పాట ఆగాక కస్మూరి మంచి మాటలే చెప్పాడు. చెడ్డవాడు కాదు, అతని భయాలు అతనికున్నాయి. పెళ్లిళ్లలో ముందు వరసలో పెద్దలు, మత గురువులు కూర్చుంటారని, వాళ్ల ఎదుట ఎడమ చెయ్యి ఆడిస్తే అవమానంగా తీసుకుంటారని, బేరాలు పోతాయని అన్నాడు. పైగా బేస్ మెడ అటువైపు తిరిగి జారోత్ ముఖానికి తగిలేలా ఉందన్నాడు.

"నిన్ను తీసుకుంటా. కాకపోతే స్పీకర్ల వెనక నిలబడు. వినేవాళ్లకి వినబడితే చాలు కదా?"

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. కడిగేద్దామని లేచాను. కానీ వెనింగ్ అప్పటికే కేబుల్ పీకి, ఉండలా చుట్టి, కుర్చీ మీద పెట్టింది.

"వద్దండీ," అంది.

"సిగరెట్లు చుట్టుకుంటావా?" అన్నాడు కస్మూరి.

"చుట్టుకుంటాను. దాక్కుని మాత్రం వాయించను."

ఆ ఉద్యోగం ఆమెకు ఎంత కావాలో నాకు తెలుసు. ఆమె బేస్‌ను సంచిలో పెట్టడం మొదలుపెట్టింది. స్పీకర్ల వెనకైనా సరేనని ఒప్పుకోమ్మా అనే మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. ఎంత పిరికిదాన్నో నాకు అప్పుడే తెలిసింది.

వాకిట్లో ఏదో ఈడుస్తున్న చప్పుడైంది. జారోత్ తన డోళ్లను ఒక్కొక్కటే రెండు బారల దూరం పక్కకు జరుపుతున్నాడు. జరిపి, చాప సర్దుకుని కూర్చున్నాడు.

"మెడకి చోటు సరిపోద్దిలే," అన్నాడు.

కస్మూరి అతన్ని చూశాడు, ఆమెను చూశాడు. జారోత్‌తో పేచీ పెట్టుకుంటే అతనికి బృందమే లేదు. "మరి పెళ్లివారు అడిగితే నేనేం చెప్పను?" అన్నాడు.

"నన్ను అడగమనండి," అంది వెనింగ్. "అన్నం కుడిచేత్తోనే తింటాను. పెద్దవాళ్లకి ఏది ఇచ్చినా కుడిచేత్తోనే ఇస్తాను. బేస్ మాత్రం ఈ చేత్తో వాయిస్తాను, అందరికీ కనబడేచోట నిలబడి వాయిస్తాను."

కస్మూరి మెడ గోక్కున్నాడు. మొదటి పెళ్లిలో మాట వస్తే రెండో పెళ్లి లేదన్నాడు. సరేనంది. బేస్ బయటికి తీసి కేబుల్ మళ్లీ తగిలించుకుంది. జారోత్ డోలు మీద చెయ్యి వేశాడు, పాట మొదటినుంచి మొదలైంది.

నేను గోడకు చేరగిలబడి విన్నాను. సంతోషంగా ఉంది. అసూయగా కూడా ఉంది, ఎందుకు అబద్ధమాడాలి. పందొమ్మిదో ఏట మా బృందం పెద్దావిడతో నేను అనాల్సిన మాట ముప్పై ఏడేళ్ల తర్వాత సిగరెట్లు చుట్టే ఒక పిల్ల నోట విన్నాను.